లఘుశంక

శేషశయనానికి అన్నిటి మీదా అనుమానమే. పాలు పోయించుకుంటే నీళ్ళు కలిపారంటాడు. నీళ్ళు తోడిపెడితే ఎవరో ఎంగిలి చేశారంటాడు. లోకంలో అతను నమ్మింది గురువుగారు అవ్యయానందస్వామిని ఒక్కరినే. ఆ గురువుగారికే ఊపిరితిత్తుల్లో కేన్సర్ వచ్చింది.

పెన్న గట్టున ఉన్న ఆశ్రమం నుంచి నెల్లూరు ఆసుపత్రికి ఆయన్ని తీసుకెళ్ళింది శయనమే. అక్కడ పరీక్షకని ఛాతీలోంచి సూదితో ముక్క తీస్తే, స్వామికి ఊపిరాడక ప్రాణం మీదికొచ్చింది. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి మళ్ళీ గుచ్చితే తట్టుకోలేరని డాక్టరమ్మ వేరే దారి చెప్పింది.

"కేన్సర్ కణాల్లోని జన్యువుల తునకలు రక్తంలోంచి మూత్రంలోకి కూడా దిగుతాయండి. వాటిలో మేం వెతికే మార్పు కనబడితే, దానికి సరిపడే మాత్ర ఉంది. స్వామివారి మూత్రం ఈ సీసాలో పట్టి పంపండి."

తిరిగొస్తూ దారంతా శయనం సణుగుతూనే ఉన్నాడు. "ఛాతీలో రోగం మూత్రంలో కనబడుతుందట! ఎవరిది పంపినా ఉందనే రాస్తారు స్వామీ. మాత్రలు అమ్ముడుపోవద్దూ?"



ఆశ్రమంలో చిన్న పనికి వెళ్ళడాన్ని లఘుశంక అంటారు, పెద్ద పనికైతే దీర్ఘశంక. మర్నాడు పొద్దున స్వామి లఘుశంకకు వెళ్ళి, సీసా నింపి, మూత బిగించి శిష్యుడి చేతిలో పెట్టారు. శయనం గోడ చాటుకు వెళ్ళి దాన్ని ఒలకబోశాడు. సీసా కడిగి, తనది నింపి, స్వామి పేరుతో ఇచ్చొచ్చాడు. దొంగలకు ఎర వేశానని లోలోపల మురిసిపోయాడు.

రిపోర్టు వచ్చింది. వెతికిన మార్పు ఏదీ లేదట, కాబట్టి ఆ మాత్ర మొదలుపెట్టలేరట. అప్పటికి స్వామి ఒక్క శ్లోకం చదవాలన్నా మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

శయనం ఇక దాచలేకపోయాడు. "నేను పంపింది మీది కాదు స్వామీ, నాది. వాళ్ళ పరీక్షకే పరీక్ష పెట్టాను."

"ఉందని రాసి ఉంటే?"

"దొంగలని తేలిపోయేది."

"లేదని రాశారుగా. మరి నిజాయితీపరులేనా?"

"అసలు చూడకుండానే రాసేశారేమో స్వామీ!"

స్వామికి నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. వీపు రాస్తున్న శయనం చేతికి ఎముకలు తగిలాయి. అతనికి మొదటిసారి భయం వేసింది.

దగ్గు సద్దుమణిగాక స్వామి లేచారు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఇంకో సీసా తీసుకుని, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళొచ్చారు. వెచ్చటి సీసాని శిష్యుడి దోసిట్లో పెట్టారు.

"నాది లఘుశంక నాయనా, ఇదిగో, తీరిపోయింది. నీదే దీర్ఘశంక."

శయనానికి నవ్వు రాలేదు. సీసాని ఉత్తరీయంలో చుట్టి, తీర్థం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని బస్సెక్కాడు.

ఆసుపత్రి కిటికీ దగ్గర అమ్మాయి సీసా అందుకుంది. "ఎవరిదండీ?"

"మా గురువుగారిది," అన్నాడు శయనం. అక్కణ్ణుంచి కదల్లేదు. వెనక వరుసలోవాళ్ళంతా వింటున్నారు.

"మొన్నటిది నాదమ్మా. డాక్టరమ్మగారు ఎక్కడున్నారు?"