చారు కుడుము

పొగమంచేదో పొయ్యి ఆవిరేదో తెలియని ఏటి ఒడ్డు ఊరొకటి పూర్వం చీనాదేశంలో ఉండేది. పొద్దున్నే జనం వేడి చారు జుర్రుతుంటే తన కలలు చెదిరిపోతున్నాయని ఆ ఊరి దొర చాటింపు వేయించాడు: “చారు జుర్రిన చప్పుడు వినబడిందా, జుర్రినవాళ్లు ఊరొదిలి పోవాల్సిందే!”

మాంసం ఎముకలు మరిగించిన చారమ్ముకుని బతికే లువో అవ్వకి దిక్కు తోచలేదు. అమ్ముడుపోని చారు చలికి కుండలోనే గడ్డకట్టింది. దాన్ని ముక్కలు కోసి, పల్చటి పిండిలో చుట్టి, ఆవిరి మీద పెట్టింది.

ఆ వాసన దొరని కలలోంచి లేపి వీధిలోకి నడిపించింది.

“ఏమే ముసలీ, చారేనా?”

“కుడుములు దొరా. చుట్టినప్పుడు లోపలున్నది గట్టి ముక్కే. తిని చూడండి.”

దొర కసుక్కున కొరికాడు. కరిగిన చారు ఒక్కసారిగా ఉబికింది. పట్టుబట్టలు పాడుకాకుండా ఉండాలంటే ఒకటే దారి.

జుర్ర్ర్!

మంచులో వీధి వీధంతా చెవులు రిక్కించింది.

“దొరా, పడవ తెప్పించమంటారా, చాటింపు మార్పిస్తారా?” అవ్వ మెల్లగా అడిగింది.

దొర గడ్డం తుడుచుకుని, కలలో మాట్లాడినట్టు, “ఇంకోటి పెట్టవ్వా,” అన్నాడు.

ఆ రెండోది జుర్రిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. అప్పటికే ఊరంతా జుర్రుతోంది.