రాజుగారి తొట్టిలో మజ్జిగ

మొగలిరేవు రాజు నరహరి దేవుగారికి ఒకరోజు నిండు కొలువులో ఉన్నట్టుండి తన చేపల తొట్టి గుర్తొచ్చింది.

"రేపు మధ్యాహ్నం పొరుగు రాజు భోజనానికి వస్తున్నాడు. నా గాజు తొట్టిలో చూస్తే మూడంటే మూడు చేపలు! ఆయన నవ్వడూ? రేపటికల్లా తొట్టి నిండాలి!"

ఆ తొట్టి ఓడ వర్తకులు ఇచ్చిన కానుక. రోజూ కావిళ్లతో సముద్రపు నీళ్లు తెప్పించి, అందులో రంగురంగుల సముద్రపు చేపలను సాకేది నూకాలు. పల్లెకారుల ఆడపడుచు. రాజుగారి ముందైనా సరే, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడదు.

రాజవైద్యుడు కుప్పాచార్యులు అప్పటికే లేచి నిలబడ్డాడు. సన్మానం ఎక్కడున్నా ఆయనకు ముందే వాసన తగులుతుంది.

"ప్రభూ, నిన్ననే రేవులో ఏడు కొత్త చేపలు కొన్నాను. ఒక్కొక్కటీ బంగారు ముద్ద! ఇవాళే తొట్టిలో వదిలేద్దాం."

"భేష్! సాయంత్రం నీకు శాలువా కప్పుతాను. మొన్న ఓడలో వచ్చిన పట్టు శాలువా!"

నూకాలు చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"వద్దు మారాజా. కొత్త చేపల్ని మండలం రోజులు వేరే గోలెంలో పెట్టాలి. నలభై రోజులూ చూసి అప్పుడు కలుపుదాం."

కొలువు గతుక్కుమంది. ఆమె ఎందుకలా అన్నదో అందరికీ తెలుసు. గుర్తుచేసుకోవడం మాత్రం ఎవరికీ ఇష్టం లేదు.

కిందటేడు ఇలాగే ఒక కొత్త చేపను తెచ్చి వదిలారు. పదిరోజులు తిరక్కుండా అన్ని చేపల ఒంటి మీదా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. కుప్పాచార్యులు పరీక్షించి, వేడి చేసిందని తేల్చి, చలవకు తొట్టిలో రెండు కుండల మజ్జిగ పోయించాడు. మర్నాటికి ఎనిమిది చేపలు వెల్లకిలా తేలాయి. మిగిలిన మూడింటినీ నూకాలు గోలెంలోకి తీసి, మూడు రోజులకోసారి గోలెం మార్చి బతికించింది. చేప దొరక్కపోతే ఆ చుక్కలు తెచ్చే పురుగు మాడి చస్తుందని, తొట్టి కడిగించి, కొత్త నీళ్లు పోయించి, రెండు నెలలు చేపల్లేకుండా ఉంచింది. ఆ రెండు నెలలూ రాజుగారు రోజూ వచ్చి ఉత్త నీళ్ల ముందు కూర్చునేవారు. సభికులు ఆ నీళ్లనే పొగిడేవారు.

"ప్రభూ, ఈ ఏడింటి మీద ఒక్క చుక్క చూపించమనండి!" అన్నాడు కుప్పాచార్యులు. "అద్దంలా మెరుస్తున్నాయి. ఇంతకీ వైద్యం చదివింది నేనా, ఈవిడా?"

రాజుగారికి ఆ మూడు చేపలంటే ప్రాణం. పొరుగు రాజు ముందు పరువంటే ఇంకాస్త ఎక్కువ ప్రాణం.

"నూకాలూ, కొలువు ముగిసేలోగా నీ మాటే నిజమని ఆచార్యుల చేతే అనిపించు. లేదంటే చేపలు తొట్టిలోకి, నువ్వు ఇంటికి."

కొలువు పోతే నూకాలు ఎలాగో బతుకుతుంది. ఆ మూడు చేపలు మాత్రం బతకవు. ఆమె బయటికి వెళ్లి, బట్టల కొట్టు అధికారి చెవిలో ఏదో చెప్పి, ఒక వెదురు తట్ట పట్టుకుని వచ్చింది. తట్టలో మడత పెట్టిన పట్టుబట్ట ఉంది.

"అయ్యగారూ, ఇది కప్పుకోండి" అంది కుప్పాచార్యులతో.

"ఎవరిదిది?"

"ఇంతకుముందు ఎవరు కప్పుకున్నారో తెలీదు బాబూ. ఓడలో దిగింది. ఆ ఓడలో ఎవరికైనా గజ్జి ఉందో లేదో నేనడగలేదు. ఒక్క మరక లేదు, చూడండి. అద్దంలా మెరుస్తోంది."

కుప్పాచార్యులు మూడడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగు సేనాపతి కాలి మీద పడింది.

"ఛీ ఛీ! దూరం, దూరం! మెరిస్తే సరా? గజ్జి పురుగు కంటికి కనిపిస్తుందా? ఎక్కడిదో, ఎవరిదో తెలియని బట్టను మండలం రోజులు విడిగా పెట్టి, ఆ తర్వాతే ఒంటికి తాకనివ్వాలి. వైద్యంలో ఇది మొదటి పాఠం!"

నూకాలు రాజుగారి వైపు తిరిగింది.

"చేపలకీ అదే పాఠం మారాజా. అయ్యగారు నాకంటే బాగా చెప్పారు."

రాజుగారు తట్టలోకి తొంగిచూశారు.

"ఆచార్యా, ఇది సాయంత్రం నేను నీకు కప్పబోయే శాలువా కదయ్యా!"

కుప్పాచార్యుల చెయ్యి గభాలున శాలువా వైపు సాగి, సగం దారిలో ఆగిపోయింది. పాపం, అటు ముట్టుకోనూ లేడు, ఇటు వెనక్కి తీసుకోనూ లేడు. ముందు రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత కొలువంతా నవ్వింది. కాలు తొక్కించుకున్న సేనాపతి అందరికంటే గట్టిగా నవ్వాడు.

"వైద్యుడి మాట కాదనకూడదు. ఏడు చేపలూ మండలం రోజులు గోలెంలోకి! శాలువా నూకాలుకి!"

"మరి రేపు పొరుగు రాజుగారికి..." అని నసిగాడు మంత్రి.

"ఉత్త నీళ్లను రెండు నెలలు పొగిడారు. మూడు చేపల్ని ఒక్కపూట పొగడలేరా?"

నూకాలు తట్టను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, తల వంచింది.

"అలా పట్టుకుంటావేం? కప్పుకో!" అన్నారు రాజుగారు.

"నలభై రోజులు పోనివ్వండి మారాజా."