గరికన్న తుఫాను కథ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ళు కాపురముండేవి. కిందటేడు గూడు అల్లినవాడు ఈ ఏడు ఓ కుర్రగిజిగాడికి అల్లిక నేర్పాలి. వాన పడేలోగా గూడు అల్లలేనివాడికి ఆ చెట్టు మీద కొమ్మ దక్కదు. అదీ అక్కడి ఆచారం.

పీచు అనే కుర్రగిజిగాడికి గరికన్న గురువుగా దొరికాడు. నిజానికి, పాపం, పీచే గరికన్నకు దొరికాడనాలి.

మొదటిరోజు గరికన్న ఒక్కసారి ముడి వేసి చూపించాడు. పీచు వేస్తే అది జారిపోయింది. ముడి నిలవడం లేదని చెప్పుకున్నాడు. గరికన్న రెక్కలు సర్దుకుని తన మొదటి గూడు కథ అందుకున్నాడు. తుఫాను వచ్చిందట. చెట్లన్నీ ఊగిపోయాయట. తను మాత్రం ఒంటికాలి మీద నిలబడి గూడు అల్లేశాడట.

మర్నాడూ ముడి జారింది. ఈసారి తుఫానులోకి నాగుపాము వచ్చింది. మూడోరోజుకి పాము పక్కన పిడుగు కూడా పడింది. ముడి ఎలా వేయాలో మాత్రం కథలోకి రానేలేదు.

పీచుకు కథ కంఠతా వచ్చేసింది, అల్లిక రాలేదు. మబ్బులు కమ్ముకుంటుంటే వాడికి ఏడుపొచ్చింది. ఇంత గొప్పవాడు చెప్పినా రాలేదంటే తనే చవటనని నమ్మేశాడు.

ఆ మర్నాటికి చెప్పి చెప్పి గరికన్న గొంతు పోయింది. ఇక గత్యంతరం లేక, నువ్వే ఏదైనా చెప్పమని పీచుకు సైగ చేశాడు.

పీచు తల దించుకున్నాడు. "నా కథలో తుఫాను లేదన్నా. పిల్లప్పుడు గూట్లోంచి పడ్డాను. కుడికాలు దెబ్బతింది. అప్పట్నుంచి గడ్డిపోచను ఎడమకాలితోనే పట్టుకుంటాను. అందరూ చేతకానివాడంటారు."

గరికన్న అప్పుడు, మొట్టమొదటిసారి, వాడి కాళ్ళవైపు చూశాడు. మొదటిరోజు తను చూపించింది కుడికాలివాటం అల్లిక. సిగ్గేసింది. మెల్లగా వచ్చి పీచుకు ఎదురుగా వాలి, పోచను ఎడమవైపు నుంచి తిప్పి చూపించాడు. పీచు అలాగే తిప్పి లాగాడు. ముడి బిగిసింది. మళ్ళీ లాగి చూశాడు. నిలిచింది. వాడి ఆనందం ఇంతా అంతా కాదు.

తొలివాన పడేసరికి పీచు తన గూట్లో వెచ్చగా కూర్చున్నాడు.

మరుసటేడు పీచుకూ ఓ శిష్యుడు వచ్చాడు. పైకొమ్మ మీద, గొంతు బాగుపడ్డ గరికన్న, ఎడమకాలి ముడిని తను ఆ తుఫానులోనే కనిపెట్టానని చెబుతున్నాడు. శిష్యుడు నోరు తెరుచుకుని అటే చూస్తున్నాడు.

పీచు నవ్వాపుకున్నాడు. "ఆ కథ ఎక్కడికీ పోదులే తమ్ముడూ, ఏటా పెరుగుతుంది కూడా. ముందు నీ సంగతి చెప్పు."

నీతి: తోటివాడికి నేర్పాలంటే ముందు వాడి కథ వినాలి; మన గొప్పల కథ కాసేపు ఆగినా ఎవరికీ నష్టం లేదు.