క్వార్కుల కాకెంగిలి

ఒకప్పుడు, చుక్కలింకా పుట్టని రోజుల్లో, క్వార్కులనే బుల్లి నలుసులు ఎవరికి వాళ్లే తిరిగేవి. వాటిలో కొన్ని పైడిలు, కొన్ని కిందిలు. ఒక పైడికి అసలు కుదురే లేదు. ఇక్కడుందంటే అక్కడుండేది. దాని చెల్లెలు ఒక కింది, ఎప్పుడూ అక్క వెనకే పరుగు.

ఒకనాడు ఆకాశం పెద్దమ్మ అందర్నీ పిలిచింది. "పిల్లల్లారా, నేను పెరిగిపోతున్నాను. ఎవరెటు కొట్టుకుపోతారో తెలీదు. తలో ముద్దా తినండి. పూర్తి ముద్ద తింటేనే నా గడప దాటనిస్తాను."

తీపి ముద్ద ప్లస్సు ఛార్జీ. పులుపు ముద్ద మైనస్సు. రెండూ సరిసమానంగా కలిస్తే చప్పన.

ఎలక్ట్రాన్ బావ పులుపు ముద్దని ఒక్క గుటకలో మింగి తుర్రుమన్నాడు.

పైడి తీపి ముద్దకి నోరు తెరిచింది. కింది వచ్చి అక్క చెయ్యి పట్టేసుకుంది.

"అక్కా, నువ్వెళ్లిపోతే మళ్లీ కనబడతావా?"

పైడి కాళ్లు ఆగడం లేదు. అయినా ముద్ద తినకుండా ఆగింది. "ఏడవకే. కాకెంగిలి చేసుకుందాం. కలిసి తిన్నవాళ్లం కలిసే పోదాం."

పైడికి అచ్చం తనలాంటి కవల ఉంది, అదీ వచ్చింది. ముద్దలన్నిటి మీదా పెద్దమ్మ కొంగు కప్పి, పైనుంచే కొరికారు. ఒక్కో పూర్తి ముద్దకి సరిగ్గా మూడు కాట్లు. ఆబగా పైడి రెండు కాట్లు తీపి కొరికింది, కవల రెండు కాట్లు. కింది బెదురుతూ ఒక్క కాటు వేసి మొహం ముడిచింది.

"ఛీ, పులుపు!"

"కొంగు కింద చూడకుండా కొరికితే అంతేనే, మొద్దూ!" అంది పైడి.

నవ్వుతూంటే మిగిలిన ముద్దలు దొర్లిపోయాయి. ఎంగిలికి తడిసిన కొంగు జిగురై పళ్లకి అంటుకుంది. పైడి గుంజింది.

"అయ్యో, లాగినకొద్దీ బిగుస్తోందే! ఇక నేను తిరగలేనా పెద్దమ్మా?"

పెద్దమ్మ చూసింది. "తీపి నాలుగు కాట్లు. పులుపు ఒకటి. అది ఒక తీపిని చప్పన చేసేసింది. మిగిలింది మూడు కాట్లు, అంటే పూర్తి ముద్ద! విడివిడిగా పంపను. ముగ్గురూ కలిసి పొండి."

ముగ్గురూ ప్రోటానై గడప దాటారు. వాళ్లని చూసి ఇంకో పైడి ఇద్దరు కిందిలతో కాకెంగిలి చేసుకుంది. తీపీ పులుపూ సరికి సరి. చప్పటి న్యూట్రాన్ అయింది.

తీపి వాసనకి బావ వెనక్కొచ్చాడు. "మరదలా, నన్నూ రానీవూ?"

"లోపల చోటు లేదు బావా. చుట్టూ తిరుగు!"

అప్పటినుంచే క్వార్కులవి ముక్క ఛార్జీలు. అప్పటినుంచే ఏ క్వార్కూ ఎక్కడా ఒంటరిగా కనబడదు. మీ గోటి కొసలో, అన్నం మెతుకులో, ఇప్పటికీ పైడి గుంజుకుంటూనే ఉంది. కింది మాత్రం ఆ కొంగు వదలనే లేదు.