పొదిగే కోడి కింద చెయ్యి

కొమురెల్లి చేతుల్లో బలముంది. అతను చెప్పకముందే ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా చెప్పేవాడు.

తాలీంలో కుస్తీ నేర్చుకున్నన్నాళ్లూ ఎంతోమందిని మట్టి కరిపించాడు. ఇప్పుడు మస్తాన్ పహిల్వాన్ దగ్గర నొప్పులు సరిచేసే పని నేర్చుకుంటున్నాడు. చిక్కల్లా ఒకటే. ఉస్తాద్ చెయ్యి వేస్తే మనుషులు మెత్తబడతారు. కొమురెల్లి చెయ్యి వేస్తే కొయ్యబారిపోతారు.

ఆ ఉదయం రాజవ్వ వచ్చింది. ఏళ్ల తరబడి చాట మీదకు వంగి బీడీలు చుట్టిన మెడ ఆమెది. అది ఎడమవైపు తిరగడం ఎప్పుడో మానేసింది. ఆమె కోడలు ఎప్పుడూ ఎడమవైపే కూర్చుంటుందని వాడకట్టులో ఒక మాట ఉంది. అయితే ఇప్పుడు నొప్పి భుజం దాటి చేతిలోకి దిగింది. వేళ్లకు ఆకు ఆనడం లేదు. బీడీలు చుట్టకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

కొమురెల్లి ఆమె భుజం మీద బొటనవేళ్లు ఆనించి నొక్కాడు.

"ఓయమ్మో! ఇడువు కొడుకా! నేను కుస్తీకి రాలే!"

అందరూ నవ్వారు. నడుం పట్టేసి, నవ్వకూడని చాయ్ దుకాణం వెంకటి కూడా నవ్వాడు. వెంటనే అందుకు బాధపడ్డాడు.

రాజవ్వ కొంగు సర్దుకుని లేచింది. "ఉస్తాద్, నువ్వు చూస్తే చూడు. ఈ పోరడు చెయ్యి పెడితే మళ్ల నేను రాను."

ఉస్తాద్ తన వేళ్ల వైపు చూసుకున్నాడు. కొన్నాళ్లుగా అవి వాతంతో వంకరపోతున్నాయి. ఇకమీదట రాజవ్వను చూడాల్సింది కొమురెల్లే.

"పొద్దుగూకంగ ఒక్కసారి రా అవ్వా," అన్నాడు.

ఆమె వెళ్లాక కొమురెల్లి ఉండబట్టలేకపోయాడు. "నా చేతుల ఏం తక్కువున్నది ఉస్తాద్?"

"హసీనా కోడి పొదుగుతున్నది. దాని కిందికెళ్లి ఒక్క గుడ్డు తీస్కరా. కోడి మాత్రం లేవొద్దు."

ఉస్తాద్ భార్య హసీనాబీ కోడి సంగతి ఊరెరుగును. ఓట్లడగడానికి వచ్చిన సర్పంచినీ, అతని మీద పోటీ చేసినవాణ్నీ ఏ పక్షపాతమూ లేకుండా పొడిచింది.

కొమురెల్లి చెయ్యి దూర్చాడు. రక్తంతో తిరిగొచ్చాడు. హసీనాబీ పసుపు అద్దుతూ, "కోడిని మట్టి కరిపించలేకపోయినవా బేటా?" అని అడిగింది. చేతికి గుడ్డ చుట్టుకుని మళ్లీ వెళ్లాడు. కోడి గుడ్డ లేనిచోట పొడిచింది.

ఆ తర్వాత అతనికి ఉపాయాలు లేకుండా పోయాయి. గంప పక్కన కూలబడి, అరచెయ్యి గడ్డి మీద వదిలేశాడు. కోడి గుర్రుగా చూసింది. చూసి చూసి దానికీ విసుగొచ్చినట్టుంది, కళ్లు మూసుకుంది. గోడ నీడ పెరట్లోకి సాగింది. వేళ్ల పక్కనే ఈకలు లేచి పడుతున్నాయి. అతని ఊపిరి కూడా నెమ్మదించింది. కాసేపటికి కోడి తనంతట తానే ఒకింత జరిగి, వెచ్చగా అతని అరచేతి మీద కూర్చుంది.

కోడి లేవకుండానే గుడ్డు తీసి, తెచ్చి చూపించాడు.

"అక్కడనే పెట్టి రా," అన్నాడు ఉస్తాద్. "రాజవ్వ వచ్చింది."

ఆమె పారిపోవడానికి వీలుగా పీట అంచున కూర్చుంది. కొమురెల్లి ఆమె మెడ మీద అరచెయ్యి ఉంచాడు. నొక్కలేదు. లోపల మోకులా బిగిసి ఉంది. ఉండనిచ్చాడు.

ఊరికే కూర్చోవడం రాక రాజవ్వ కోడలి సంగతులు ఎత్తుకుంది. పొద్దున లేవని సంగతి అయింది, పప్పులో ఉప్పు సంగతి అయింది. మధ్యలో ఎక్కడో, తనకు తెలియకుండానే, పొడుగ్గా నిట్టూర్చింది. భుజం కొద్దిగా కిందికి దిగింది. అతని చెయ్యి దానితోపాటే దిగింది.

"అవునా కాదా వెంకటీ?" అంటూ రాజవ్వ పక్కకు చూసింది. నడుం చూపించుకోవడానికి మళ్లీ వచ్చిన వెంకటి ఆమెకు ఎడమవైపు కూర్చున్నాడు.

మెడ పూర్తిగా తిరగలేదు. సగం తిరిగింది. ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఏం చేసినవ్ రా?"

"ఏం చెయ్యలే అవ్వా."

అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చున్న ఉస్తాద్ వాటిని తెరవకుండానే అన్నాడు.

"ఇంకొంచెంసేపు అదే చెయ్యి బేటా."