టైలరు సింహాద్రికి కాపలా

గవర్రాజు ఇంట్లో తెలివికి కరువు లేదు. ఆ మాట గవర్రాజే చెబుతాడు. కొత్త గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని వానలో నడిచే మనిషి మరి! పెళ్ళాం నూకాలమ్మ, బామ్మర్ది అప్పన్న ఆయన దగ్గరే తెలివి నేర్చుకున్నారు. ఊళ్ళో ఇంతమంది ఉండగా ఈ ముగ్గుర్నే ఏరి పనిలో పెట్టుకుంది మానసిక వైద్యురాలు సుభాషిణమ్మ. పెద్ద చదువులు చదివింది పాపం.

ఆవిడ ఇంగ్లీషు ప్రశ్నలు కొన్ని తెలుగులోకి దించింది. స్కిజోటైపల్ లక్షణాలని నోరు తిరగని పేరు. లేనిపోని అనుమానాలూ వింత ఊహలూ మనిషిలో ఏపాటి ఉన్నాయో కొలుస్తాయట. ముందు ఆ కొలత సరైందో కాదో తేలాలి.

"ఇవాళ అడిగినవే రెండు వారాలకి మళ్ళీ అడుగుతాం. జవాబులు కలిస్తే మీ ఉద్యోగాలు పర్మినెంటు. కలవకపోతే ఇంటికే. ఈలోగా ఆ మనిషి ఊరొదిలి పోకుండా ఓ కన్నేసి ఉంచండి" అంది డాక్టరమ్మ.

టైలరు సింహాద్రి దొరికాడు. నెమ్మదస్తుడు.

"నిన్నెవరైనా కనిపెట్టి చూస్తున్నట్టుంటుందా?" అని మొదలెట్టాడు గవర్రాజు.

"లేదు బాబూ."

"నీ వెనక గుసగుసలాడుతున్నట్టు?"

"లేదు."

"మనిషి లేకుండా మాట వినిపిస్తుందా?"

"నాకు మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడదు."

గవర్రాజుకి భయం పట్టుకుంది. "ఈ జవాబులు మారాయా, మన ఉద్యోగాలు గోవిందా! కాపలా కాయాల్సిందే."

"ఒక్క కన్నే వెయ్యమంది బావా" అన్నాడు అప్పన్న.

అంతే! ముగ్గురూ తలో కన్ను మూసుకుని కొట్టుకెదురుగా నిలబడ్డారు. జాకెట్లు ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్ళు, కన్ను కొడుతున్నారనుకుని చెప్పులు చూపించి వెళ్ళిపోయారు. సింహాద్రి బిక్కుబిక్కుమంటూ అటూ ఇటూ చూశాడు.

"అయ్యో, చూసేశాడు! వెనక్కి పదండి" అంది నూకాలమ్మ.

కొట్టు వెనక్కెళ్ళి గుసగుసలు మొదలెట్టారు. "కనిపెట్టాడంటావా?" "మెల్లిగా, వింటాడు!" "మొహం చూస్తే మాట మార్చేలాగే ఉన్నాడు." ఇంకేముంది, సింహాద్రి కంగారులో చొక్కాకి మూడు చేతులు కుట్టాడు.

చివరికి అప్పన్న కొట్లో అటకెక్కాడు. సింహాద్రి కునుకు తీసినప్పుడల్లా పైనుంచి, "సింహాద్రీ... మనిషి లేకుండా మాట వినపడదని చెప్పు..." అని మెత్తగా నేర్పాడు.

రెండు వారాలకి డాక్టరమ్మ వచ్చేసరికి సింహాద్రి మెడనిండా తాయెత్తులే. ఏది అడిగినా "అవునమ్మా! అవునమ్మా!" అని ఏడుస్తున్నాడు.

"ఇన్నేళ్ళ కష్టం బూడిదైంది" అని ఆవిడ నెత్తి పట్టుకుంది. "పోనీ, మనిషి లేని ఆ మాటలు ఎక్కణ్ణుంచయ్యా?"

సింహాద్రి అటక చూపించాడు.

"ఇక్కడెవరూ లేరండీ!" అంది అటక.

డాక్టరమ్మ అప్పన్నని కాలు పట్టి కిందికి లాగింది. సంగతంతా కక్కించింది. "నా ప్రశ్నలు బంగారం! ఉన్నదున్నట్టు చెప్పాయి. బుద్ధిలేనిది మీకు! జన్మలో నా కంటపడకండి, పొండి!"

దారిలో గవర్రాజు మీసం దువ్వాడు. "విన్నారా? ప్రశ్నలు బంగారమట! అంటే ఉద్యోగాలు పర్మినెంటే. కాకపోతే ఆవిడ కంటపడకుండా చెయ్యాలి."

మర్నాటి నుంచి డాక్టరమ్మ ఆఫీసులో గవర్రాజు బీరువా వెనక, నూకాలమ్మ బల్ల కింద, అప్పన్న అటక మీద. బల్ల మీదికి టీ దానంతటదే వస్తోంది. ఫైళ్ళు వాటంతటవే సర్దుకుంటున్నాయి. గోడల్లోంచి "ష్... అమ్మగారు చూస్తారు!" అని వినపడుతోంది.

కొన్నాళ్ళు చూసి, డాక్టరమ్మ తలుపేసుకుని తన ప్రశ్నలు తనే ముందేసుకుంది. ఎవరో కనిపెట్టి చూస్తున్నట్టుందా? అవును. గుసగుసలు? అవును. మనిషి లేకుండా మాట? అక్కడ ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"లేదని రాయండమ్మా!" అంది అటక.