నక్క వాటాకి వచ్చిన ఊట

కొండ్రగుట్ట అడవి ఏ ఒక్కరిదీ కాదు, అక్కడ బతికే అందరిదీ. ఏ వాలు ఎప్పుడు మేయాలో, ఏ వాలుని చిగురు కోసం వదిలెయ్యాలో అంతా కూర్చుని తేల్చుకునేవాళ్ళు. ఆ కూర్చోబెట్టే పని మాత్రం ఏళ్ళ తరబడి కొమరయ్య అనే ముసలి అడవిదున్న మీదే పడింది. పందులు తవ్వి వేళ్ళు తెంపుతున్నాయని జింకలు వచ్చేవి. ఎలుగు ఇప్పకొమ్మలు విరిచేస్తోందని పందులు వచ్చేవి. అందరి గోడూ వినేసరికి కొమరయ్యకి మేత వేళ దాటిపోయేది.

ఒక సాయంత్రం అలాగే తగువు తీర్చి కూలబడితే, నక్క జంబయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఎంతకాలం మోస్తావు మామా ఈ బరువు? అందరిదీ కాబట్టే ఈ తగువులు. ఎవరి ముక్క వాళ్ళకి పంచెయ్. నువ్వు హాయిగా పడుకో.”

ఇంకోరోజైతే కొమరయ్య కసురుకునేవాడు. ఆ రోజు ‘పడుకో’ అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. సరేనన్నాడు.

గడ్డి వాలు దున్నలకి, గడ్డల పల్లం పందులకి, పొదల అంచు జింకలకి, ఇప్పతోపు ఎలుగుకి పంచారు. జంబయ్య నడుమనున్న రాళ్ళ తిప్ప చాలన్నాడు. గడ్డి మేయనివాడికి మంచి నేలెందుకన్నాడు. ఎంత మంచివాడో అని అంతా మెచ్చుకున్నారు. ఆ రాళ్ళ సందులో ఊట ఉందని అందరికీ తెలుసు. కానీ అప్పుడు వానాకాలం, ఎటు చూసినా నీళ్ళే.

వేసవికి వాగు ఎండింది. మార్చి మార్చి మేసే అలవాటు పోయి దున్నల వాలు గుండు గీసినట్టు అయింది. అంతా ఊట దగ్గరికి వెళ్తే జంబయ్య దారికి అడ్డంగా పడుకుని ఉన్నాడు. ఇది తన ముక్క అన్నాడు. నీళ్ళు కావాలంటే మందకో పిల్లని, ఎలాగూ బతకని బక్కదాన్నే, తనకి వదిలి వెళ్ళమన్నాడు. కుమ్మేద్దామని పందులు ముందుకు వస్తే, పైన వాలి ఉన్న బండని తోసి ఊటని మూసేస్తానన్నాడు.

సింగారి అనే జింక తన పిల్లని కాళ్ళ మధ్యకి లాక్కుని కొమరయ్య వైపు చూసింది. తన నిద్ర కోసం ఏం ఇచ్చేశాడో కొమరయ్యకి అప్పుడు తెలిసింది.

“నీ ముక్క నీదే, జంబయ్యా. మేం అందులో కాలు పెట్టం,” అన్నాడు నెమ్మదిగా. “నువ్వూ మా ముక్కల్లో పెట్టకు.”

జంబయ్య నవ్వాడు. చుట్టూ హద్దుల మీద దున్నలూ పందులూ ఎలుగూ వరసగా నిలబడ్డాక నవ్వు ఆగింది.

పందులు ఎండిన వాగు ఇసకలో చెలమ తవ్వాయి. ఊరిన కాసిని బురదనీళ్ళు ముందు పిల్లలకి, తర్వాత పెద్దలకి. ఎవరి ముక్కలో తవ్వారని ఎవరూ అడగలేదు. కొమరయ్య అందరికన్నా చివర తాగేవాడు, కొన్నిసార్లు తడి ఇసకే నాకేవాడు. ఎండలో జంబయ్య హద్దుల మీద వంతులవారీగా కాపలా కాశారు. ఆ నీళ్ళు చాలక సింగారి పిల్ల ఒక మధ్యాహ్నం లేవలేదు.

ఊట పక్కనే ఉన్న జంబయ్యకి నీళ్ళకి కొదవ లేదు, తినడానికి మాత్రం రాళ్ళే. హద్దు అవతల కుందేళ్ళు గెంతుతుంటే చూస్తూ కూర్చున్నాడు. చివరికి డొక్కలు లోపలికి పోయి, తూలుతూ దిగి వచ్చాడు.

“ఊట మీరే తీసుకోండి మామా. దారి ఇవ్వండి.”

“ఊట ఒక్కటే కాదు, కొండంతా మళ్ళీ అందరిదీ,” అన్నాడు కొమరయ్య. “అందరితో కూర్చుని మాట్లాడతానంటే నువ్వూ ఉండు.”

జంబయ్య సింగారి వైపు చూడలేక తల దించుకుని, ఖాళీ కడుపుతో కొండ దాటి వెళ్ళిపోయాడు.

అందరి సొత్తును కాపాడే విసుగుని వదిలించుకున్నవాళ్ళు, ఆ సొత్తునీ వదులుకున్నట్టే.